ఓడ చేరేదాకా ఇల్లు తుడవకూడదు

జేకేపూర్,
28 సెప్టెంబరు 1974

రాయగడ స్టేషన్లో పదిమంది ముందు నన్ను దిష్టిబొమ్మలా నిలబెట్టి, నీ ట్రంకుపెట్టె ఆ రమణమూర్తి చేతికిచ్చావు. నేను చెయ్యి చాపాను. నువ్వు చూశావు. చూసి కూడా “బావా, నువ్వందుకో” అన్నావు. మా కాయితాల మిల్లు ఫోర్‌మన్ పెళ్ళాం పక్కనే ఉంది. విన్నది. ఈపాటికి కాలనీ అంతా విని ఉంటుంది.

పైన ‘ప్రియమైన’ అని రాయలేదని వెతుక్కోకు. కావాలనే రాయలేదు.

వాడు నీ మేనత్త కొడుకు కావచ్చు. చిన్నప్పుడు నిన్ను వాడికే ఇస్తామనుకున్నారు, అదీ నాకు తెలుసు. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్లో గుమస్తా, పెళ్ళయింది, పెళ్ళాం రాజ్యం అక్కడే ఉంది, ఒప్పుకుంటాను. అయితే మాత్రం? సెలవు మీద వచ్చినవాడు తిరిగి వెళ్ళేటప్పుడు నా పెళ్ళాన్ని తోడు తీసుకుపోవడమేమిటి? నీకు ఆ దీవిలో తెలుగు బడి పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజునే “వెళ్తున్నాను” అన్నావు. వెళ్ళనా అని అడగలేదు. అక్కడి ఉద్యోగానికే నేను పెట్టిన దరఖాస్తు అదే టపాలో తిరిగొచ్చిన సంగతి నీకు తెలుసు. దాని మాట మాత్రం ఎత్తకు.

వాడికి ఓడ గురించి ఏమీ తెలియదు. తెలిస్తే నీ టీకా కాయితం ట్రంకుపెట్టెలో పెట్టమని చెబుతాడా? పెట్టెల్ని ఓడ కడుపులోకి దించేస్తారు, దిగేదాకా మన కంటికి కనపడవు. ఎక్కేటప్పుడు డాక్టరు ఆ కాయితం అడిగితే ఏం చూపిస్తావు? తీసి జాకెట్టులో పెట్టుకో. ఇది నీ మీద ప్రేమ కొద్దీ రాస్తున్నది కాదు. వాడు చెప్పేవన్నీ తప్పులని నీకు తెలియాలని రాస్తున్నాను.

విశాఖలో మీ చిన్నమ్మి పిన్ని ఇంట్లో కూర్చుని ఓడ ఎప్పుడని పేపరు చూస్తూ ఉండకు. పేపర్లో వేసిన రోజున ఓడ బయల్దేరదు. ఎవరినైనా రోజూ రేవు ఆఫీసుకు పంపించి అడిగించు. పెట్టెకు పాత చీరచెంగు ఒకటి కట్టు, నీ ఆకుపచ్చది. దిగాక నల్ల పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి. చేతిసంచీలో అటుకులు, వేయించిన శనగపప్పు, శొంఠి, ఉప్పులో నానేసిన నిమ్మకాయ బద్దలు పెట్టుకో. కడుపు ఖాళీగా ఉంటే తిప్పుతుందట, నిండితే ఇంకా తిప్పుతుందట. కొంచెం కొంచెం నములుతూ ఉండు. పడుకునే బల్లల్లో పై బంకు ఎక్కకు, కింద బంకు పట్టు, అదీ ఓడ నడిమధ్యలో. తల తిరిగితే లోపల పడుకోకుండా పైకెళ్ళి, ఆకాశం నీళ్ళను ముట్టుకునే చోట చూస్తూ నిలబడు. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు, శనగపిండి పట్టుకెళ్ళు.

ఇవన్నీ మా మిల్లు ఫిట్టరు శంకరరావు చెప్పినవి. అతను ఆ దీవిలో చాలాకాలం పనిచేసి వచ్చాడు. మూడేళ్ళుగా టీ తాగేటప్పుడల్లా అతన్ని పీక్కు తింటున్నాను. “ఒరే శేషూ, ఓడెక్కేక సేతిలో సెంబుండాలిరా. బంగారం ఉన్నా నేకపోయినా సెంబుండాలి” అన్నాడు. చెంబు మర్చిపోకు.

ఇంకొకటి. దిగాక నేల ఊగుతుంది. భయపడకు, అది నేల కాదు, మన తలకాయే. రెండు మూడు రోజులు నూతి దగ్గరకు వెళ్ళకు. తల రుద్దుకునేటప్పుడు గోడ పట్టుకో. వాడి ఇంట్లో విందు పెడతారు, తినకు. గంజి తాగు.

చివరి ముక్క. మీ రైలు కూత ఇంకా చెవుల్లో మోగుతుండగానే ఇంటికొచ్చి చీపురు పట్టాను. మూలమూలలా తుడిచి, ఆ చెత్త క్వార్టర్ల వెనక కుప్ప మీద పారేశాను. మా అమ్మ గుండెలు బాదుకుంది. “ఏటిరా ఈ పని! మడిసి ఊరెల్తే సేరీదాకా ఇల్లు తుడవకూడదని తెల్దేట్రా నీకు? అలగ తుడిసేది శవం ఎల్లేకరా!” అంది. తెలుసు. తెలిసే తుడిచాను.

అక్షరాలు వంకరగా ఉన్నాయంటే చేతి కట్టు ఇంకా విప్పలేదు కనుక. కోపంతో గీకాననుకోకు.

ఆదిశేషు


జేకేపూర్,
12 అక్టోబరు 1974

నీలవేణీ,

మీ ఓడ మూడో తారీకున బయల్దేరిందని చిన్నమ్మి పిన్ని కార్డు రాసింది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. చేరగానే తంతి ఇస్తారు కదా అందరూ. మిల్లు క్యాంటీన్లో రేడియో బంగాళాఖాతంలో వాయుగుండం అంది. ఆ మాట అన్న రోజు నుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు.

శంకరరావును పట్టుకుని, ఓడకేమైనా అవుతుందా అని అడిగాను. “ఏటవద్దిరా, నాను సూసిన గాలివానలకి ఇదెంత” అన్నాడు. అని మొహం తిప్పుకున్నాడు. ఎందుకు తిప్పుకున్నాడు? మామూలుగా నాతో మాట్లాడితే మొహంలో మొహం పెట్టి మాట్లాడతాడు.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టి పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఎదురు క్వార్టరు గురమ్మ ఉంది కదా, ఆమె నీళ్ళ పంపు దగ్గర అందరి ముందూ అడిగింది, “ఏరా, సీపురట్టినోడివి నువ్వే గదా? ఇంక తంతి కోసం పోస్టాఫీసు సుట్టూ తిరగడం దేనికి?” అని. ఇంకొకప్పుడైతే ఆమె బిందె ఎగరగొట్టేవాణ్ణి. ఆవేళ తల దించుకుని వచ్చేశాను.

నిన్న పగలు డ్యూటీ దిగి చేట పట్టుకుని ఆ చెత్తకుప్ప దగ్గరకు వెళ్ళాను. నేను పారేసింది ఎక్కడుందో తెలుసు, వేపచెట్టు వైపు అంచున. వాన పడి కొంత పోయింది. ఉన్నంతమటుకు వేళ్ళతో గీకి చేటలోకి ఎత్తాను. నువ్వు పాఠం చెప్పడం అభ్యాసం చేస్తూ నలిపేసిన సుద్దముక్కలు ఉన్నాయి. ఒక తలపిన్ను ఉంది. గురమ్మ మనవలు చుట్టూ చేరి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. చేట ఇంటికి తెస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేట నా చేతిలోంచి తీసుకుని, ఆ దుమ్ము గదిలో, వంటింట్లో, మూలల్లో, బియ్యప్పిండితో ముగ్గు పెట్టినంత జాగ్రత్తగా చల్లింది. చల్లాక, “కూకో, అన్నం తిను” అంది.

ఆ దుమ్ములోనే పడుకుంటున్నాం ఇద్దరం. కాళ్ళకు అంటుకుంటోంది. ఓడ చేరిందని తెలిసేదాకా తుడవం.

నువ్వు ఆ రమణమూర్తి పక్కన నిలబడి సముద్రం చూస్తున్నా ఫరవాలేదు. నిలబడి ఉంటే చాలు. ఒక్క ముక్క రాయి.

ఆదిశేషు


పోర్ట్‌బ్లెయిర్,
21 అక్టోబరు 1974

మా ఇంటి చీపురు దొరగారికి నమస్కారాలు.

బతికే ఉన్నాను. వాయుగుండం అంచు మాత్రమే తగిలింది. ఓడ ఊగింది, ఒక రోజు ఆలస్యంగా చేరింది, అంతే. తంతి ఇవ్వలేక కాదు. ఇవ్వకూడదని ఇవ్వలేదు. మీ మొదటి ఉత్తరం ఓడ ఎక్కే ముందు పిన్ని ఇంట్లో చేతికందింది. ఇల్లు తుడిచాననే ముక్క చదివాక, నేను చేరినా చేరకపోయినా ఆ ఇంట్లో ఎవరికి కావాలి అనుకున్నాను. నేను పోయినట్టే తుడిచినవాళ్ళకు, బతికానని చెప్పడం దేనికి? మొన్న రెండో ఉత్తరం వచ్చింది. బడిలో పిల్లల ముందు చదివి తప్పు చేశాను. చేట సంగతి దగ్గర నవ్వొచ్చింది, అత్తయ్య చల్లిన దగ్గర ఏడుపొచ్చింది. పిల్లలు కంగారు పడ్డారు.

ఇప్పుడు స్టేషన్ సంగతి. మీ కుడిచేతికి వెదురు పేడు దిగి కుట్లు పడ్డాయి, కట్టు మీద అంతకు ముందురోజు కూడా రక్తం మరక కనపడింది. ఆ చేత్తో పెట్టె ఎత్తనివ్వడమా? అందుకే బావకి ఇచ్చాను. పదిమందిలో మీ చేతి మాట ఎత్తితే మీరు గంతులేస్తారని ఎత్తలేదు. ఆవేళ మీకు ఆ చెయ్యి గుర్తులేదు. నాకుంది.

మీరు కుళ్ళుకున్న బావగారి సంగతి కూడా వినండి. విశాఖ దాటి దీపాలు కనుమరుగు కాకముందే ఆయన తల తిరిగి పడిపోయాడు. చేరేదాకా “రాజ్యం, ఓ రాజ్యం” అంటూ వాళ్ళావిడను తలుచుకుని ఏడ్చాడు. మీ నిమ్మకాయ బద్దలు సగం ఆయనకే ఇచ్చాను. ఆడవాళ్ళ హాలు వేరు, మగవాళ్ళ హాలు వేరు, అదీ తెలుసుకోండి.

మీ సలహాల్లో కాయితం, చెంబు, చీరచెంగు, అటుకులు ప్రాణం కాపాడాయి. కింద బంకు మాట మాత్రం మీ శంకరరావును మళ్ళీ అడగండి. నా పై బంకులో కామేశ్వరమ్మ అనే భీమిలి ఆవిడ పడుకుంది. మొదటి రాత్రి ఆవిడ కక్కినదంతా నా మీదే. “ఏటనుకోకమ్మా, నా వొల్ల కాదు” అంటూనే ఉంది, పోస్తూనే ఉంది. మీరు శనగపిండి పట్టుకెళ్ళమన్నారు కనుక బతికిపోయాను.

నేల ఊగింది. మీరు చెప్పినట్టే గోడ పట్టుకుని తల రుద్దుకున్నాను. పట్టుకున్నప్పుడు నాకొకటి తెలిసింది. ఓడ, రేవు, నీళ్ళ అంచు, ఇవన్నీ నేను చూశాను కాని, మూడేళ్ళుగా కళ్ళు మూసుకుని చూస్తున్నది మీరు. ఉద్యోగం కాగితం వచ్చిన రోజున మీ మొహం చూశాను. ఒక్క మంచి మాట అనలేదు మీరు. “ఎవరితో వెళ్తావు?” అన్నారు. తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. ఇంక ఎవరిని అడగమంటారు వెళ్ళనా అని? రమ్మని బతిమాలుతానేమో అని చూశారు. బతిమాలితే, పెళ్ళాం ఉద్యోగం మీద బతకడానికి రానంటారు.

ఇక్కడ రేవు దగ్గర కర్ర కోసే కార్ఖానా ఉంది. చదువు కాయితం అడగరట, యంత్రం ముందు నిలబెట్టి పని చూస్తారట. ఈ ముక్క ఊరికే రాస్తున్నాను. నేను రమ్మనను. ఈసారి అడిగేది మీరే కావాలి.

అత్తయ్యకు నా దండాలు. ఇంక తుడుచుకోమనండి.

నీలవేణి


జేకేపూర్,
2 నవంబరు 1974

ప్రియమైన నీలవేణికి,

చూశావా, రాశాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. పెట్టె ముక్క దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. కుట్లు విప్పేశారు. బొటనవేలి కింద గీత మిగిలింది. నిజంగానే నాకు గుర్తులేదు. ఆ రోజు స్టేషన్లో నాకు కనపడింది వాడి చెయ్యి ఒక్కటే.

అది కూడా నిజం కాదు. ఇప్పుడు నిజం రాస్తాను, నవ్వితే నవ్వు. నాకు కుళ్ళు రమణమూర్తి మీద కాదు. వాడొక సాకు. నాకు కుళ్ళు నీ మీద. నేను ఇక్కడ వెదురు దుమ్ములో నిలబడి కలగన్న ఓడ నువ్వెక్కావు. నా కాయితం తిరిగొచ్చింది, నీది రాలేదు. పెళ్ళాం మీద ఇలాంటి కుళ్ళు ఉంటుందని ఎవడైనా చెబితే నేనే వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. అందుకే దానికి వాడి పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా పోలేదు. నీళ్ళ అంచు చూశానని ఒక్క మాట రాసి ఊరుకున్నావు, అది ఏ రంగులో ఉందో రాయలేదు. దానికి రాత్రంతా కోపంగానే ఉంది.

కింద బంకు సంగతి శంకరరావును అడిగాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. “నానెప్పుడూ పైబంకేరా, కిందోళ్ళ సంగతి నాకేటి తెలుసు!” అన్నాడు. ఇన్నాళ్ళూ అతని మాట వేదంలా విన్నాను.

నువ్వు తుడుచుకోమన్నావు. అమ్మ తుడవనంటోంది. “అది సేరితే సాల్దురా. నువ్వూ సేరాల, నానూ సేరాల. అప్పుడు తుడుద్దాం, అక్కడి ఇల్లు” అంది. నేను ఇంకా నోరు విప్పకముందే ట్రంకుపెట్టె దించి, నీ ఆకుపచ్చ చీరలో మిగిలిన ముక్క దానికి కట్టేసింది. కట్టి, “ఒరే, నాను మాత్రం కింద పడుకోను, ముందే సెప్తన్నాను. నాకు పైదే కావాల” అంది.

అడగమన్నావు కనుక అడుగుతున్నాను. రానా? యంత్రం ముందు నిలబడతాను. ఓడిపోతే నీ బడి గంట కొడతాను, అందుకూ సిద్ధమే. పెట్టె మాత్రం రెండు చేతులతో నేనే మోస్తాను, వాణ్ణి రేవుకు రానివ్వకు.

జవాబు తంతిలో ఇయ్యి. ఒక్క మాట చాలు. నాగులచవితి లోపు నా చేతికందాలి. ఆ పండక్కి ఇల్లు అలకకుండా పుట్టకు వెళ్ళకూడదు, దుమ్ములో నడిచి నడిచి గురమ్మ ముందు తలెత్తుకోలేకపోతున్నాం. చవితి పొద్దున పోస్టు జవాను మా గుమ్మం దాటి వెళ్ళిపోయాడంటే అమ్మ చీపురు అందుకుంటుంది. ఆమె తుడిచేసిందంటే మా ప్రయాణం లేనట్టే, నేను అడ్డుపడను. ఆ లోపు చెప్పు, రమ్మంటావా, వద్దంటావా?

నీ
ఆదిశేషు