శుక్రవారానికి ముందు చదవవలసిన ఉత్తరం

చిరంజీవి గిరికి,

నాయన మనసారా ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలచడం ఆచారమే కాని, ఈసారి ఆ వాక్యం వ్రాయడానికి కలం సాగలేదు. మీ అమ్మ వేళకు రెండు ముద్దలు తింటున్నదనీ, నీకు కాసింత నిద్ర పడుతున్నదనీ మాత్రం తలుస్తున్నాను.

కుడివైపు పైన ఊరూ తేదీ లేని ఉత్తరానికి ముప్పై నాలుగేళ్ళు సున్న మార్కులు వేసినవాణ్ణి. ఇవాళ ఆ రెండింటినీ నేనే వదిలేశాను. ఊరు నీకు తెలిసినదే. తేదీ వేస్తే శుక్రవారానికి ఇంకెన్ని దినాలున్నవో నా కళ్ళకే కనబడుతుంది. పోస్టులో వేస్తే అందుతుందో లేదోనని, చీనీకాయల లారీ తీసుకొని బెంగళూరు మార్కెట్టుకు వస్తున్న కుళ్ళాయప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. కాయల దింపుడు అయిన వెంటనే ఆసుపత్రికి తెచ్చి ఇస్తానన్నాడు.

గడచిన ఉత్తరంలో నీవు మూడు ప్రశ్నలు అడిగావు. వానపడిందా అన్నది మొదటిది. నీ పాటలు మన దిక్కు ఇంకా ఎవరైనా వింటున్నారా అన్నది రెండవది. మూడవదాన్ని నీవు వ్రాసినట్టే ఎత్తి వ్రాస్తున్నాను: "శుక్రవారం గొంతు తీసేసినాక నేను ఏం చెప్పాలన్నా రాసి చూపాల్సిందే. అమ్మకు చదువు రాదు. నేనూ అమ్మా ఎట్ల మాట్లాడుకునేది నాయనా?" ఈ ప్రశ్నకు జవాబు నా వద్ద ఉంది. కాని ముందుగా వ్రాయగల ధైర్యం నాకు లేదు. మొదటి రెండూ చెప్పనీ.

వాన పడలేదు. కణేకల్ దిక్కు కాలువ నీళ్ళతో వరినాట్లు వేసుకున్నారట. మన చేలో వేరుశనగ ఊడలు దిగే వేళకు నేల బిగుసుకొని పోయింది. రోజూ మధ్యాహ్నం దాటాక మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, అంతే. సగం పంట మనకిచ్చేట్టు చేను కోరుకు చేసే చౌడప్ప మొన్న గట్టు మీద నిలబడి, "ఈ మోడాలు కూడా ఓట్ల కాలం లీడర్ల మాదిరే సార్, తొంగి చూసి పోతాండాయి" అన్నాడు. నవ్వాను. నవ్విన తరువాత ఇద్దరమూ చేను వైపు చూడలేక ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాము.

ఇక నీ పాటలు. తొంభై ఎనిమిదిలో నీవు ఇంజనీరింగు మూడవ యేట వదిలి, బెంగళూరులో గిటారు గుంపులో చేరావని తెలిసిన నాడు నేను బడిలో ఎవరి ముఖమూ చూడలేదు. "మీ వాడు ఏం చేస్తున్నాడు?" అని అడిగితే "ఉన్నత విద్య" అనేవాణ్ణి. మొదట ఇంగ్లీషులో పాడేవాడివి. తరువాత గిటార్ల హోరు మధ్య, ఊపిరి తీసుకోకుండా, మన వీధి తెలుగులో మాటలు గుప్పించడం మొదలుపెట్టావు. ఆ పైన ఉరవకొండ నుంచి ముగ్గురు చెక్కభజన వాళ్ళను తీసుకొనిపోయి డ్రమ్ముల పక్కన నిలబెట్టావు. హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు పిలిచి, మాటలు కొంచెం "శుభ్రం" చేయమంటే తిరిగి వచ్చేశావని విని, శుభ్రం చేస్తే ఏమి పోయిందని నేను నీకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశాను. అంతకుముందే నీ మొదటి క్యాసెట్టు పాటల కాగితాన్ని ఎర్రసిరాతో దిద్ది నీకే పంపాను. నీవు ఆ దిద్దిన కాగితాన్నే రెండవ క్యాసెట్టుకు అట్టగా వేశావు. నా చేతివ్రాత రెండు రాష్ట్రాల్లో అమ్ముడుపోయింది. కోపం వచ్చిందని నీకు వ్రాశాను. నిజానికి ఆ అట్ట ఉన్న క్యాసెట్లు ఐదు కొని బీరువాలో పెట్టుకున్నాను.

వింటున్నారా అని అడిగావు కదా. నిన్న కుళ్ళాయప్ప లారీ మన వాకిట ఆగినప్పుడు లోపల నీ బోరుబావి పాటే మోగుతున్నది.

"నాన్నూరడుగులు దింపినామప్పా, దుమ్ము లేసెనే,
నాయన నోట మాటే లేదు, దుమ్మే లేసెనే."

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కుళ్ళాయప్ప దిగివచ్చి, "సార్, మొదుట్లో మీ వాడు పాడతాండాడా, తిడతాండాడా అని తెల్లేదు సార్. మూడోతూరి ఇన్యాక తెలిసె, ఇది మా ఇంటి కతేనని" అన్నాడు. ఆగి, "ఇంగ పాడల్యాడంట కదా సార్? నిజమేనా?" అన్నాడు. నీళ్ళు తాగుతావా అని అడిగాను. "వద్దు సార్" అని క్యాసెట్టు వెనక్కు తిప్పి, ఆ పాటే మళ్ళీ పెట్టుకున్నాడు.

డాక్టరు గదిలో నేనెట్లా ఉన్నానో నీకు తెలియదు, నీవు బయట ఉన్నావు. గడ్డ స్వరపేటిక నిండా పాకిందనీ, మొత్తం తీసివేయకపోతే ప్రాణానికే ముప్పనీ ఆయన పటం గీసి చూపించాడు. ఏడవ తరగతికి జీవశాస్త్రం కూడా చెప్పినవాణ్ణి, పటం అర్థమైంది. అర్థమై కూడా, "సగం తీసి సగం ఉంచలేరా?" అని అడిగాను. కుదరదన్నాడు. "నాది తీసి పెట్టలేరా? నేను రిటైరైనవాణ్ణి, నాకిక దానితో పనిలేదు" అన్నాను. నర్సు కృపాకుమారి నా మోచేయి పట్టుకొని, "రా పెద్దాయనా, ఈడ కూచో" అని బల్ల మీద కూర్చోబెట్టింది. ముప్పై ఒక్కేళ్ళ కొడుకు కోసం తండ్రి చేయగలిగినదంతా అక్కడితో అయిపోయింది.

వార్డులో తోడుగా ఒక్కరినే ఉండనిస్తారు కనుక మీ అమ్మను ఉంచి నేను తిరిగివచ్చాను. అది పైకి చెప్పిన కారణం. నీవు గోడ వైపు తిరిగి పడుకొని ఉండగా, మీ అమ్మ నీ వీపు మీద చేయివేసి, "మాట్లాడు నాయనా, ఉన్న నాలుగు దినాలూ మాట్లాడు, నేనింటా" అంటున్నది. నీవు అప్పుడే అలవాటు చేసుకుంటున్నట్టు కాగితం మీద ఏదో వ్రాసి ఆమెకు చూపావు. వెంటనే ఆమెకు చదువు రాదని నీకే గుర్తొచ్చి ఆ కాగితాన్ని నలిపేశావు. ఆ క్షణాన్ని చూడలేక వచ్చేశాను. ఎందుకు చూడలేకపోయానో ఇప్పుడు చెబుతాను.

మీ అమ్మకు చదువు మీద శ్రద్ధ లేదని నీ చిన్నప్పటి నుంచి నేను అంటూ వచ్చాను. చుట్టాల ముందు వేళాకోళంగా కూడా అన్నాను: "ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించాను, ఇంట్లో మాత్రం నా పాచిక పారలేదు." అది అబద్ధం.

నీకు నాలుగేళ్ళప్పుడు ఆమే పలక కొనుక్కొని వచ్చి, "నాకూ నేర్పు" అన్నది. ఐదు నెలలు నేర్చుకున్నది. దీపాలు పెట్టే వేళకు వంట ముగించి వచ్చి కూర్చునేది. నేను ఒత్తుల దగ్గర విసుక్కొనేవాణ్ణి, ఆమె చెరిపి మళ్ళీ వ్రాసేది. ఒకనాడు పామిడిలో ఉన్న తన తల్లికి, మీ అవ్వకు, సొంతంగా ఒక ఉత్తరం వ్రాసి, అడ్రసు కూడా తానే వ్రాసి, బడికి పోతూ పోస్టులో వేయమని నా చేతికిచ్చింది. పదకొండు వరుసలు. నేను దారిలో విప్పాను. తప్పులు చూసి చేయి ఊరుకోలేదు. బడికి పోయి ఎర్రసిరాతో దిద్దాను. దిద్ది ఊరుకున్నా బాగుండేది. ఉపాధ్యాయుల గదిలో పైకి చదివి వినిపించాను. యాస పట్టి, చేయి తిప్పుతూ చదివాను. అందరూ కళ్ళనీళ్ళు తిరిగేట్టు నవ్వారు. హెడ్మాస్టరు రంగన్నగారు, "ఎవరు వ్రాసింది మాస్టారూ ఇది?" అన్నారు. నా భార్య అని చెప్పలేదు. "మూడవ తరగతి పిల్ల" అన్నాను.

ఎర్రగీతలు పడిన ఉత్తరాన్ని పోస్టు చేయలేను కదా. చించి చెత్తబుట్టలో వేశాను.

ఆమె రెండు నెలలు జవాబు కోసం చూసింది. ఉగాదికి పామిడి పోయినప్పుడు మీ అవ్వను అడిగింది. ఏ ఉత్తరమూ రాలేదన్నది. తిరిగివచ్చే బస్సులో నాతో, "నేను రాసిన అడ్రసు పోస్టుమ్యానుకే తెలీలేదంటే నాది రాతే కాదు. ఇంగ చాలు లే" అన్నది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మరునాడు పలకను పక్కింటి ఓబులమ్మ కూతురికి ఇచ్చేసింది. నేను ఒక్క మాట చెప్పి ఉంటే పలక ఇవ్వకుండా ఆగేది. ఇరవై ఏడేళ్ళుగా ఆ ఒక్క మాట నేను చెప్పలేదు.

ఇప్పుడు నీ మూడవ ప్రశ్నకు జవాబు. మీ అమ్మకు అక్షరాలు వచ్చు. నీ మొదటి క్యాసెట్టు వచ్చినప్పుడు ఉరవకొండ అంగడిలో వందల క్యాసెట్ల నడుమ నుంచి వేలుపెట్టి నీ పేరు తీసింది. బొమ్మ లేని వైపు, పేరు మాత్రమే ఉన్న అంచు చూసి తీసింది. అంగడివాడు, "ఏమమ్మా, చదువుకున్యావా?" అంటే "ల్యా నాయనా, అట్ల తోచినాది" అన్నది. నేను పక్కనే ఉండి గమనించనట్టు నిలబడ్డాను. ఎంత మిగిలి ఉందో నాకు తెలియదు. శుక్రవారం తరువాత నీవు పెద్ద అక్షరాలతో, చిన్న మాటలు వ్రాయి. ఆమె పెదవులు కదులుతుంటే తొందరపెట్టవద్దు. ఆమె తిరిగి వ్రాస్తే, ఎట్లా వ్రాసినా దిద్దవద్దు. నేర్పడానికి నేను పనికిరాను. అది నీవే చేయాలి.

ఆ ఉత్తరం పోయింది కాని అందులోని మాటలు నాకు పోలేదు. ఆమె వ్రాసినట్టే వ్రాస్తున్నాను:

"అమా, నేను గంగను. ఇది నా సొంత రాత. ఎవురూ చెప్పి రాయించల్యా. ఈడ వాన ల్యా. నీళ్ళకు శానా దూరం పోతాండాం. పిల్లోడు బాగుండాడు. గిన్నెలన్నీ బోర్లేసి వాయించుతాడు, దానికి సరిగా ఏందో పాడతాడు. వాని గొంతు శానా పెద్దది మా. ఆయన అరవద్దంటాడు. నాకైతే ఆపబుద్ది కాదు. ఒకతూరి వచ్చి ఇనిపో."

ఇందులో అర్థం కానిది ఒక్క మాటైనా ఉందా గిరీ? ఆనాడు కూడా లేదు.

నేను గురువారం పొద్దున బస్సుకు వస్తాను. అప్పటికి ఇదంతా ఆమెకు తెలిసి ఉండాలి. ఆమె ఏమన్నా అననీ, అనకపోయినా సరే, ఎదురుగా వచ్చి నిలబడతాను. నా నోటితో నేను చెప్పలేను. ప్రయత్నించి చూశాను, ఖాళీ ఇంట్లో కూడా చెప్పలేకపోయాను.

కనుక నిన్ను ఒకటి కోరుతున్నాను. కృపాకుమారి చేత చదివించవద్దు. మనసులో చదువుకొని మడిచి పెట్టవద్దు. మీ అమ్మను మంచం మీద నీ పక్కన కూర్చోబెట్టుకొని, బొంగురుగానైనా, ఆగి ఆగి అయినా, ఆమె మాటల దగ్గర ఇంకా కాస్త మెల్లగా, ఈ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా నీ గొంతుతో పైకి చదివి ఆమెకు వినిపించు.

ఇట్లు,
మీ అమ్మ ఉత్తరాన్ని చించినవాడు,
నీ నాయన,
రామదాసు