రాతిదారం మీద ఫిర్యాదు

పడవల కార్ఖానా పెద్ద ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

నేను చదివింది అయిదో తరగతి వరకే. తప్పులున్నా, అక్షరాలు వంకరపోయినా మన్నించండి. ఇంకొకరి చేత రాయించడానికి సిగ్గేసింది.

విషయం: బసాల్ట్ దారం వల్ల నా కాపురానికి కలుగుతున్న ఇబ్బంది గురించి.

నేను తమరి కార్ఖానాలో పడవల అచ్చుల దగ్గర పనిచేసే మేస్త్రీ భార్యను. మనవి చేసుకొనునది ఏమనగా:

1. పెళ్లయిన కొత్తలో మా ఆయన చొక్కా మీద పొడుగాటి వెంట్రుక కనబడింది. గోధుమరంగు, తళతళా మెరుస్తోంది. నా జుట్టు నల్లన. కోపమొచ్చి స్టవ్ మంటలో పెట్టాను. ఎర్రగా కాగింది గాని కాలలేదు, కమురు వాసనా రాలేదు. భయమేసి ఏడ్చాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓసి పిచ్చిదానా, అది ఆడది కాదే, రాయి! బసాల్ట్ అనే నల్లరాతిని కరిగించి దారం తీస్తారు. మంటకు లొంగదు."

2. ఆడదైతే పోట్లాడేదాన్ని. రాయితో ఏమని పోట్లాడను? అన్నం ముందు కూర్చున్నా అదే మాట. ఆ దారంతో నేసిన గుడ్డను రెసిన్ జిగురుతో తడిపి పొర మీద పొర వేస్తే ఇనుములో నాలుగో వంతు బరువేనట. ఉప్పునీళ్లలో నానినా తుప్పు పట్టదట. కరెంటు పాకదట. వంతెనల కాంక్రీటులో వేసే కడ్డీలు కూడా దాంతో చేస్తారట. "దానికి వంకే లేదా?" అన్నాను. "లేకేం? ఇనుములా సాగదు. మితిమీరి లాగితే చెప్పాపెట్టకుండా పుటుక్కున తెగుతుంది," అన్నారు. "నేనూ అంతే," అన్నాను. వినిపించుకోలేదు.

3. చలికి జిగురు గట్టిపడటం లేదని మా పెళ్లినాటి బొంత పట్టుకెళ్లి పడవకు కప్పారు. "వీడి పడవకి జలుబు చేసినట్టుంది," అంది అత్తయ్య. నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్లేసరికి, లోపల వేడి పుట్టిందా లేదా అని బొంత కింద అరచెయ్యి పెట్టి చూస్తున్నారు. నాకు జ్వరమొచ్చినప్పుడు నుదురు తాకి చూసిన గుర్తు లేదు.

4. ఇప్పుడు ఆ పడవను ఉప్పునీళ్లలో పరీక్షిస్తారట. మరమ్మతులు చూసుకోవడానికి దాని వెంట ఏడాది పాటు రేవుకు పంపమని తమరిని అడిగారట. "అక్కడ ఎక్కడ పడుకుంటారు?" అంటే, "పడవ పక్కనే, షెడ్డులో," అన్నారు. నేనెక్కడ ఉండాలో చెప్పలేదు.

కావున తమరు దయయుంచి ఆయనను పంపవద్దు. పంపక తప్పకపోతే నాకూ అక్కడ గుడ్డ కత్తిరించే పని ఇప్పించండి. కుట్టుపని వచ్చు. ఆ పీచుకు ఒళ్లు దురద పుడుతుందంటారు, ఓర్చుకుంటాను. మా ఇద్దరికీ ఒక్క గది చాలు.

ఈ పేదరాలి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అచ్చుల మేస్త్రీ భార్య

మరిచాను: బొంత తిరిగి ఇప్పించండి. జిగురంటుకుని ఒక మూల చెక్కలా బిగుసుకుపోయిందట. ఫరవాలేదు, ఆ మూల ఆయన వైపు వేస్తాను. చదవగానే ఈ కాగితం కాల్చెయ్యండి, ఆయన కంట పడనివ్వకండి. ఇది ఆ దారం లాంటిది కాదు లెండి, అగ్గిపుల్ల చూపిస్తే చాలు.