లాంతరు నక్క పడిపోయిన వంతెన

నిర్మల్,
6 జూలై 1998

కరీంనగర్‌లో కంప్యూటర్ దుకాణం నడుపుతున్న రాజేశ్వర్‌రావు గారికి మగ్దలేనమ్మ టీచర్ వందనాలు.

మీ దుకాణంలో కొన్న ‘లాంతరు నక్క’ ఆట సీడీ గురించి రాస్తున్నాను. నేను ఇక్కడ దాదాపు ముప్ఫై ఏళ్లుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాను. ఈమధ్య టైపు మిషన్ల వైపు చూసేవాళ్లే లేరు. అందుకని నాలుగు మిషన్లు అమ్మి ఒక కంప్యూటర్ పెట్టాను. పాఠం తప్పుల్లేకుండా కొట్టినవాళ్లకు పావుగంట ఆట అన్నాను. వారంలో ఇరవైమంది చేరారు.

ఇంతలో ఈ నక్క నా పరువు తీసింది. టీవీకి తగిలించి ఆడే పెట్టె ఉంటుంది చూడండి, అందులో ఇదే ఆటను నేను ఎనిమిది మెట్లూ ఆడి ముగించాను. (నా కాలు విరిగి, మా తమ్ముడు దేవదాస్ ఇంట్లో ఆరు వారాలు పడుకున్నప్పుడు ఇంకేం పని లేకపోయింది.) అందులో నక్క మూడో మెట్టులో తాళ్ల వంతెన మీద హాయిగా నడిచి వెళ్తుంది. మీ సీడీలో మాత్రం సగం దూరం పోయి, వంతెన ఉండగానే, వంతెనలోంచి కిందికి జారిపోతోంది. నేను ఆడినా అంతే, నేను నేర్పినవాళ్లు ఆడినా అంతే.

నిన్న కైలాసం అనే విద్యార్థి వచ్చి, “టీచరమ్మా, గీ కంప్యూటరే ఖరాబున్నది. దీని మీద నేర్సుకుంటే మాకు నౌకరి ఏడికెల్లి వస్తది?” అని పేరు కొట్టేయించుకున్నాడు. అతని వెనక ఇంకో నలుగురు పోయారు.

దీనికి బాధ్యులెవరో తెలియజేయండి.

ఇట్లు,
నక్క వల్ల నవ్వులపాలైన
మగ్దలేనమ్మ

తా.క.: పడేటప్పుడు నక్క చేసే చప్పుడు మాత్రం చాలా బాగుంది. దాన్ని ముట్టుకోకండి.

*

కరీంనగర్,
11 జూలై 1998

గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఈ సీడీ గురించి ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. లోపం ఆటలో లేదు. మీకు మెమరీ తక్కువగా ఉన్నట్టుంది. పాతబడే కొద్దీ ఇది మామూలే, దిగులుపడకండి. లోపల దుమ్ము కూడా పట్టి ఉంటుంది. పై మూత తీయించి ఒకసారి గట్టిగా ఊదించుకోండి.

సదా మీ సేవలో,
రాజేశ్వర్‌రావు

తా.క.: మెమరీ పెంచడం పది నిమిషాల పని. కరీంనగర్ వస్తే మా దుకాణంలోనే కూర్చోబెట్టి చేసి పంపిస్తాం.

*

నిర్మల్,
16 జూలై 1998

రాజేశ్వర్‌రావుకు,

(గారు అని రాయడం మరిచిపోయాను. మెమరీ తక్కువ కదా.)

నాకు యాభై తొమ్మిదేళ్లు. 1969లో నా దగ్గర చేరిన మొదటి తొమ్మిదిమంది పేర్లు, వాళ్ల బాపుల పేర్లు, ఎవరికి ఏ వేలు తడబడేదో ఇప్పటికీ చెప్పగలను. చెప్పమంటారా?

మీ ఉత్తరం చదివి దేవదాస్, “అక్కా, గాయన నీ నెత్తి మూత తీసి ఊదుమంటుండా?” అని ఒకటే నవ్వు. నవ్వడం అయ్యాక, మీరు అన్నది నన్ను కాదు, కంప్యూటర్‌ను అని చెప్పాడు. సరే అని కాలేజీలో కంప్యూటర్లు బాగుచేసే అంబదాస్‌ను పిలిపించాను. మూత తీశాడు, ఊదాడు. మెమరీ బోలెడంత ఉందట. సీడీని కాలేజీ కంప్యూటర్‌లో కూడా వేసి చూపించాడు. అక్కడా నక్క పడింది. అదే వంతెన, అదే పలక.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది తప్పు?

మగ్దలేనమ్మ

తా.క.: నా పళ్లు కూడా ముప్ఫై రెండూ ఉన్నాయి. తర్వాతి ఉత్తరంలో వాటి జోలికి రాకండి.

*

కరీంనగర్,
21 జూలై 1998

పూజ్యులైన టీచరమ్మ గారికి రాజేశ్వర్‌రావు వేయి నమస్కారాలు.

క్షమించాలి. నా రాత అలా తగలడింది. మా ఆవిడ సరళాదేవి మీ ఉత్తరం చదివి, “గంత పెద్దమనిషికి గట్ల రాస్తరా? మీకు జరంతన్న అకల్ ఉన్నదా?” అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఉన్న సంగతి చెప్తాను. ఆట పుట్టింది జపానులో. అక్కడ దానికి ఏ లోపమూ లేదు. చెడిపోయింది పోర్టు దగ్గర. ఇలాంటివి ఎప్పుడూ పోర్టులోనే పాడవుతాయి. మీరు అడగాల్సింది పోర్టు వాళ్లను. నేను అమ్మేవాణ్ణి మాత్రమే.

భవదీయుడు,
రాజేశ్వర్‌రావు

తా.క.: మూడో రోజు మాట్లాడింది. మాట్లాడకపోతేనే బాగుండేది.

*

నిర్మల్,
12 ఆగస్టు 1998

రాజేశ్వర్‌రావు గారికి వందనాలు.

మీరు చెప్పినట్టే సముద్రం ఒడ్డున ఉన్న ఒక పోర్టు ఆఫీసుకు రాశాను. జపాను నుంచి వచ్చిన నక్క మీ దగ్గర దెబ్బతిన్నదట, ఓడలోంచి దించేటప్పుడు కాస్త చూసుకోవద్దా అని అడిగాను. పాపం, వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. తమ రేవులో నక్కలేవీ దిగలేదట. దిగి ఉంటే పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలట, జత చేయమన్నారు.

దేవదాస్ మళ్లీ నవ్వాడు. టీవీ పెట్టె ఆటను కంప్యూటర్‌కు మార్చడాన్ని పోర్టు అంటారని అప్పుడు చెప్పాడు. ఆ ముక్క మీరే రాయొచ్చు కదా!

సీడీ అట్ట మీదున్న బొంబాయి కంపెనీకి ఇంగ్లీషులో టైపు చేసి పంపాను. జవాబు నిన్న వచ్చింది. ఆటను మార్చే పని కరీంనగర్‌లోని ఒక నిపుణుడికి ఇచ్చారట. అన్ని మెట్లూ ఆడి చూశానని అతను సంతకం పెట్టాడట, కాబట్టి బాధ్యత అతనిదేనట. పేరు మాత్రం రాయలేదు.

మీ ఊరివాడే! ఇన్నాళ్లూ మిమ్మల్ని అనుమానించాను, మనసులో పెట్టుకోకండి. ఈ లైనులో ఉన్న మీకు అతను తెలియకుండా ఉండడు. దయచేసి వెతికి పెట్టండి. నా దగ్గర ఇప్పుడు ఏడుగురే మిగిలారు. వాళ్లూ పోతే తలుపుకు తాళం వేయడం తప్ప నాకు దారి లేదు. టైపు తప్ప నాకు వేరే పని రాదు.

మీ మేలు మరువని,
మగ్దలేనమ్మ

తా.క.: దొరికితే మీరు కొట్టకండి. నాకు చూపించండి.

*

కరీంనగర్,
17 ఆగస్టు 1998

టీచరమ్మ గారి పాదాలకు నమస్కరించి రాయునది.

ఆ మనిషి దొరికాడు. ఈ ఉత్తరం రాస్తున్నది అతనే.

బొంబాయి వాళ్లు నలభై రోజుల గడువిచ్చారు. టీవీ పెట్టె, ఆట, ప్రతి మెట్టు బొమ్మలూ పంపారు. దుకాణం చూసుకుంటూ ఒక్కణ్ణే కూర్చుని చేశాను. మూడో మెట్టులో వంతెన మొత్తం గీశాను కానీ, నక్క బరువు మోయమని సగం పలకలకే చెప్పాను. మిగతావి మరిచిపోయాను. గడువు తక్కువ ఇవ్వడం బొంబాయి వాళ్ల తప్పే. చూడకుండా సంతకం పెట్టింది మాత్రం నేనే.

ఎందుకు చూడలేదంటారా? చెప్పడానికి తల కొట్టేసినట్టుంది. నాకు ఆట రాదు, టీచరమ్మా. టీవీ పెట్టెలో గానీ, కంప్యూటర్‌లో గానీ, నేను ఎన్నడూ రెండో మెట్టు దాటలేదు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదని మీకు రాశాను. అది నిజమే. కొన్నవాళ్లలో మూడో మెట్టు దాకా వెళ్లిన మొదటి మనిషి మీరు.

మీ ఉత్తరంలో తాళం మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సరళ, “కాయిదం మీద కాదు, పోయి గామె ముంగట నిలబడి చెప్పుండ్రి” అంది. గురువారం పొద్దున బస్సుకు నా కంప్యూటర్‌తో సహా వస్తున్నాను. కంప్యూటర్ మంచిదే, ఖరాబు పని చేసింది నేనని కైలాసంతో, మిగతా అందరితో నేనే చెప్తాను. వంతెన బాగుచేసి తెస్తున్నాను. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఇంకెన్ని చోట్ల పడుతుందో దేవుడికే తెలియాలి. మీరూ మీ విద్యార్థులూ ఆడుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని ఎక్కడికక్కడ సరిచేస్తాను. ఎన్ని రోజులైనా సరే. అది అయ్యాక, మీరు ఒప్పుకుంటే, వారానికి రెండు రోజులు వచ్చి వాళ్లకు కంప్యూటర్ నేర్పుతాను.

మీరు ఏ శిక్ష వేసినా సిద్ధమైన,
రాజేశ్వర్‌రావు

తా.క.: రెండో మెట్టు చివర గబ్బిలాల గుహ ఉంది కదా, దాన్ని ఎలా దాటాలండీ? అడగడానికి సిగ్గుగానే ఉంది. కానీ రెండేళ్లయింది.