జమునక్క కూత

జమునక్కా, నా బంగారమా,

ఉత్తరం చూసి పరేషాన్ గాకు, నా పానం మంచిగనే ఉన్నది. ఫోన్ల మాట్లాడుదమంటే అవ్వ స్పీకర్ పెడ్తది, బాపు పత్తి ఏరుడు ఇడిసిపెట్టి వచ్చి పక్కన కూసుంటడు. ఇగ నేను తిన్న, పన్న, మంచిగున్న అనుడు తప్ప ఏం చెప్పాలె? గందుకే నీ బడి అడ్రసుకు రాస్తున్న. ఇంట్ల మాత్రం చదువకు, నీ మొఖం చూసి అవ్వ అన్నీ పసిగడ్తది.

అసలు ముచ్చట ముందే చెప్తున్న. నేను గీ చదువు ఇడిసిపెట్టి వద్దామనుకుంటున్న.

కోపం చేసుకోకు, మొత్తం చదువు. స్పోర్ట్స్ ఇంజినీరింగ్ అంటే ఏందో మన ఊరు బోథ్‌ల ఎవ్వలికీ సమజ్ కాలే. మల్లేష్ కాక అయితే ఆటలకు ఇంజినీరేంది బిడ్డా, బ్యాట్లు చెక్కుతవా అన్నడు. ఇక్కడ నిజంగనే బ్యాట్లు చెక్కుతరక్కా. ఉరికేటోళ్ల మడిమ మీద ఎంత జోరు పడ్తది, దుంకినప్పుడు మోకాలు ఎంత వంగుతది, అన్నీ మిషన్ల మీద కొలుస్తరు. మొదటి రోజు ల్యాబ్‌ల ఒక పిల్లను బరువు కొలిచే పలక మీద దుంకిపిచ్చి, ఆమె మోకాలి మీద పడ్డ బరువును కంప్యూటర్ల గీతలు గీసి చూపిచ్చిన్రు. అందరూ ఫోటోలు తీసుకున్నరు. నేను బాత్రూంలకు పోయి ఏడ్చిన. ఎందుకేడ్చిన్నో నీకు చెప్పాల్నా?

కబడ్డీల నువ్వు కూతకు పోతే అవతలి పిల్లలు వెనుకకు జరుగుడు నా కండ్లతోని చూసిన. గీత ముట్టి నువ్వు వాపసు మర్రితే ఎవ్వలికీ దొరికేదానివి గాదు. మట్టిల వట్టి కాళ్లతోని ఆడి పెరిగిన నిన్ను, కరీంనగర్ సెలెక్షన్ల నాడు మ్యాట్ మీద బూట్లేసుకొని ఆడాలన్నరు. నీకు బూట్లు లెవ్వు. ఎవలియో అడిగి తెచ్చుకున్నవ్, పెద్దగయితే ముందట గుడ్డలు కుక్కుకున్నవ్. కూతల నువ్వు మర్రినవ్, బూటు మర్రలే. నీ కుడి మోకాలు గట్ల పోయింది. ఆనాటి సంది నువ్వు బరిల కాలు పెట్టలే. పీఈటీ మేడమయినవ్, ఈల నోట్ల పెట్టుకొని గీత బయట నిలవడి ఊరి పిల్లలందరికీ కూత నేర్పుతున్నవ్. ఒక్కనాడు గూడ నీ బాధ మా మీద ఏసుకోలే. నాకు తెలిసిన మనుషులల్ల నీ అంత గట్టిది ఇంకొకతి లేదు. ముఖం మీద చెప్పుదమంటే నువ్వు నవ్వి కొట్టిపడేస్తవ్, గందుకే రాస్తున్న.

నా ప్రాజెక్టుకు కబడ్డీ బూట్లే ఎందుకు పట్టుకున్ననో ఇప్పుడన్న సమజైందా? చిన్నప్పటి సంది వట్టి కాళ్లతోని నడిచి కాలి ఏళ్లు ఎడమెడమైన మన పిల్లల పాదాలకు సరిపోయేటట్టు చేసిన. అడుగున సన్న పట్టీలు పెట్టిన, ఎక్కడ ఎంత బరువు పడ్డదో అయ్యే పట్టుకుంటయి. నీ బడి పిల్లలకు పంపిన. వాళ్లు ఆడినంక ఆ లెక్కంతా నువ్వు నాకు ఫోన్ల పంపినవ్.

అది చూసి నాకు పానం పోయినంత పనైంది. పిల్లలు ఇంటి నుంచి గ్రౌండ్ దాక నడిచింది మంచిగ వచ్చింది. ఆట షురువైందో లేదో కంప్యూటర్ల గీత సప్పున పండుకున్నది. మల్ల ఇంటికి పోయేటప్పుడే లేస్తది. ఒక్క జత గాదు, అన్ని జతలు గంతే. అంటే నడుస్తే పని చేస్తున్నయి, ఉరికితే చచ్చిపోతున్నయి. పిల్లలను వేసుకున్నరా అని అడిగితే వేసుకున్నం మేడం, మస్తున్నయి అన్నరు. నిన్ను అడిగితే మంచిగనే ఉన్నయే అని మాట మార్చినవ్. నేను బాధపడ్తనని దాచినవ్ గదా?

మా గైడ్ పద్మలత మేడం మంచి మనిషి, మన మంథని ఆమెనే. ఇక్కడి పిల్లలతోని ఆడిపిచ్చి లెక్క తీసుకో, పాసయితవ్ అన్నది. నాకు గావాల్సింది పాసవుడు గాదక్కా. వచ్చే నెల నీ బడి పిల్లలు కరీంనగర్ సెలెక్షన్లకు పోతరు. నా బూట్లు ఆగకపోతే నీ జట్టు పిల్ల బాలలక్ష్మి ఎవలి బూట్లు అడుక్కొని పోతది? నీ మోకాలి కోసం చదువుకు వచ్చిన దాన్ని, ఇంకో పిల్ల మోకాలు పోతుంటే డిగ్రీ పట్టుకొని చూస్కుంట నిలవడాల్నా? నాతోని గాదు. జర అవ్వకు నువ్వే చెప్పు.

చిన్నప్పటి సంది నీ వెంటవడి తిరిగిన
నవీన

*

పిచ్చి నవీనా,

బ్యాగు సర్దితివా? సర్దితే మల్ల ఇప్పు. నీ బూట్లు చావలే. వాటిని ఎవ్వలూ ఉరికిపియ్యలే.

మన బరి సంగతి మర్చిపోయినవా? పిల్లలు ఊడ్చి, సాన్పు జల్లి, ముగ్గుతోని గీత గీస్తరు. మట్టిని ముట్టి కండ్లకు అద్దుకొని లోపలికి పోతరు. చెప్పులతోని గీత దాటిన పిల్లను నేనే గుంజి బయట నిలవెడ్త. నువ్వు పంపిన బూట్లను ఇంటికాడ ఏసుకొని, ఊరందరికీ సూపిచ్చుకుంట వచ్చి, గీత కాడ ఇడిసి, చున్నీతోని తుడిచి వరుసగ పెట్టి, వట్టి కాళ్లతోని ఆడిన్రు. ఆట అయినంక మల్ల ఏసుకొని పోయిన్రు. నువ్వు ఏసుకున్నరా అన్నవ్, ఏసుకున్నం అన్నరు. బరిల ఏసుకున్నరా అని అడగాలన్న సోయి నీకు లేకపాయె. బోథ్ పిల్లవేనా నువ్వు?

నేను అన్నీ చూసుకుంటనే సప్పుడు జెయ్యలే. బూట్లు గీత దాటుతయంటేనే నా చెయ్యి కుడి మోకాలి మీదికి పోతది నవీనా. వాళ్లు బయట ఇడుస్తుంటే లోపల్లోపల నిమ్మలపడ్డ. గిది ఎవ్వలికీ చెప్పలే, నీకే చెప్తున్న. కని నీ ఉత్తరం చదివినంక ఊకోబుద్ధి కాలే.

తెల్లారి పిల్లలను బూట్లు ఏసుకోండ్రి అన్న. ఒక్కతి లేవలే. బాలలక్ష్మి నా మొఖం చూసి, "మేడం, మీరే నేర్పిన్రు గదా, భూమితల్లిని చెప్పులతోని తొక్కుతమా?" అన్నది. దాని మాట న్యాయమే. బాపు నాగలికి బొట్టు పెట్టి చేన్ల దించుడు యాదికొచ్చింది. పసుపు కుంకుమ తెప్పిచ్చి అన్ని బూట్లకు బొట్లు పెట్టిపిచ్చిన. ఇగ ఇయ్యి రోడ్డు తొక్కయి, బరినే తొక్కుతయి, చేతుల పట్టుకొని వచ్చి గీత కాడ ఏసుకోవాలె అన్న. ఒప్పుకున్నరు, కని ముందుగాల ఎవరు దాటాలె? అందరూ ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. పిల్లలల్ల అనసూర్య పాదం, నా పాదం ఒక్క తీరే ఉంటయి. దాని జత నేను ఏసుకొని ఊకెనే గీత దాక పోయి వచ్చిన, అంతే. నువ్వు ఎక్కువ అనుకోకు. ఆ వెనుక అందరూ ఏసుకొని ఆడిన్రు. ఆ లెక్క నీకు పంపుతున్న.

ఇప్పుడు మన పిల్లలు బూట్లు సంకల పెట్టుకొని రోడ్డు మీద వట్టి కాళ్లతోని నడుస్తున్నరు, బరిల బూట్లేసుకొని ఆడుతున్నరు. ఊరోళ్లు నవ్వుతున్నరు, నవ్వనీ.

నా మోకాలి కోసం పోయిన్నని రాసినవ్. నాకు తెల్వది నవీనా. బడిల అందరికీ చెప్పుకుంట, మా చెల్లె మనిషి అడుగును కొలుస్తదని. గంత చదువు నడిమిట్ల ఇడిసి వస్తే నీ కాళ్లు ఇరగ్గొడ్త, ఆ కాళ్లకు గూడ నువ్వే బూట్లు కుట్టుకోవాలె.

నీ అక్క
జమున

*

ఓ అబద్ధాల జమునక్కా,

నువ్వు పంపిన లెక్క ఉత్తరం కంటే ముందే వచ్చింది. నిన్న పద్మలత మేడం, నేను కూసొని ఒక్కో జత తెరిచి చూసినం. ఒక్కటి గూడ పండుకోలే. బాలలక్ష్మి మర్రిన కాడ బూటు గూడ దానితోనే మర్రింది. ఆడుకుంట ఆడుకుంట ఆ పిల్ల ఎంత బరువు మోస్తదో మేడం మల్ల మొదటి నుంచి తిప్పి చూసింది.

ఆఖరికి అనసూర్య జత తెరిచినం. దాంట్ల మొదటి కూత తీరే వేరేగున్నది. పోయేటప్పుడు బరువంతా ఎడమ కాలు మీదనే. కుడి కాలు భయపడుకుంట, ఆనీ ఆననట్టు పడుతున్నది. పిల్లకు దెబ్బ తాకిందేమో అడుగు అన్నది మేడం. నాకు రాత్రంతా ఫికరే. పొద్దుగాల ఫోన్ చేద్దామనుకునే వరకే నీ ఉత్తరం వచ్చింది. ఆ జత ఎవరు ఏసుకున్నరో చదివి, ల్యాబ్‌కు ఉరికి, మల్ల తెరిచిన.

ఊకెనే పోయి వచ్చిన్నని రాసినవ్. అవతలి గీత ముట్టి నువ్వు మర్రినవ్, బూటు జారలే. వాపసు వచ్చేటప్పుడు ఆ పోయిన కుడి మోకాలి మీదనే మొత్తం బరువు ఏసినవ్. ఒక్కసారి గాదు, గీత దాటేదాక అడుగడుగుకూ. మేడం పక్కకొచ్చి ఇది ఎవరిదని అడిగింది. మా అక్కది మేడం అన్న.

నేను ఎక్కడికీ వస్తలేను. అవ్వకు ఏం చెప్పకు. నొప్పి ఉంటే నాకు నిజం చెప్పు, లేకున్నా నిజం చెప్పు.

అక్కా, నువ్వు ఉరికినవ్.

నవీన