బుట్ట ముందు కాళ్లెక్కడ పెట్టాలి?

ఆగస్టు 3, ఆదివారం

డిస్క్ గోల్ఫంటే ఏముంది, పళ్లెంలాంటి డిస్కుని తక్కువ విసురుల్లో ఒక్కో బుట్టలో వేసుకుంటూ పోవడమే. నిన్నటి జంటల ఆటలో పన్నెండు అడుగుల దూరం నుంచి డిస్క్ బుట్టలో వెయ్యలేకపోయాను. పన్నెండు! పడుకుని చెయ్యి చాపితే అందే దూరం. డిస్క్ బుట్ట మీద వేలాడే గొలుసులకి తగలకుండా పక్కనుంచి దర్జాగా వెళ్లి ముళ్లపొదలో కూర్చుంది.

ఇంటికొస్తుంటే వ్యానులో జనెల్ అంది: "డ్వేన్, నీతో కాపురం ఇంకో పాతికేళ్లు చెయ్యమన్నా చేస్తాను. జట్టుకట్టి ఆడమంటే మాత్రం నా వల్ల కాదు. సెప్టెంబరు పోటీలో కూడా ఇదే నిర్వాకమైతే, వచ్చే ఏడాది కర్ట్‌తో ఆడతా."

కర్ట్ మా ఊరి పళ్ల డాక్టరు. పళ్లూ తిన్నగానే ఉంటాయి, గురీ తిన్నగానే ఉంటుంది. వెధవ.

రాత్రంతా ఆలోచిస్తే జబ్బు ఎక్కడుందో తెలిసింది. నా చేతిలో కాదు, కాళ్లలో. బుట్ట ముందు నేను ఎలా పడితే అలా నిలబడుతున్నాను. ఈరోజు నుంచి కొత్త మనిషిని. రెండు కాళ్లూ బాగా ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి, ఛాతీ బుట్టకి ఎదురుగా, చూపు ఒకే ఒక్క గొలుసు మీద.

నియమాలు:
1. రోజూ పొద్దున్నే, కాఫీ కంటే ముందు, పెరటి బుట్టలోకి వంద విసురులు.
2. ఒకే నిలబడే తీరు. చచ్చినా మార్చేది లేదు.
3. కొత్త డిస్కులు కొనేది లేదు.
4. గాలిని తిట్టేది లేదు. ఏడాదంతా గాలి వీచే కాన్సస్‌లో పుట్టి గాలిని తిట్టేవాడు ఊరొదిలి పోవాలి.

ఆగస్టు 4

అద్భుతం! వందలో డెబ్భైకి పైగా పడ్డాయి. ఎంత దూరం నుంచి అన్నది ఇక్కడ అప్రస్తుతం. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడడానికే నేను పుట్టానని ఇన్నేళ్లకి తెలిసింది. కర్ట్, కాసుకో!

ఆగస్టు 6

పక్కింటి లవోన్ మామ్మ దడి మీదనుంచి తొంగి చూసింది. "పొద్దున్నే ఆ గొలుసుల చప్పుడేంటి నాయనా? జైల్లోంచి ఎవడన్నా పారిపోయొచ్చాడేమో అనుకున్నా."

"సాధన మామ్మా! రోజుకి వంద వేస్తున్నా."

"వందా? నాకు నలభైసార్లే వినపడిందే!"

ముసలావిడకి చెవుడు అనుకునేవాణ్ని. కాదు.

ఆగస్టు 9

తొడలు పట్టేశాయి. రైతుల టాంకులకి గ్యాస్ పోసే నా లారీలోంచి దిగుతుంటే ప్రతి పొలం దగ్గరా "అమ్మా!" అంటున్నాను. పోనీ ఊరుకున్నానా? ఒక రైతుకి టాంకు నింపుతూ, "ఇదిగో, ఇలా నిలబడాలి" అని చూపించాను. ప్యాంటు వెనకవైపు పర్రుమంది. ఆయన మర్యాదస్తుడు, ఆకాశం వైపు చూస్తూ వాన గురించి మాట్లాడాడు.

ఆగస్టు 13

రెండో నియమానికి చిన్న సవరణ. ఇది మార్చడం కాదు. కుడికాలు ముందుకి, ఎడమకాలు వెనక్కి. బరువంతా వెనకకాలి మీద ఉంచి, ముందుకి తెస్తూ, ఎదుటివాడితో చెయ్యి కలపబోయినట్టు డిస్క్ వదలాలి. నిజానికి మొదటి రోజు కూడా నా మనసులో ఉన్నది ఇదే. రాయడంలో పొరపాటు జరిగింది.

ఆగస్టు 19

పార్సిలొచ్చింది.

"డబ్బాలో ఏముంది?" అంది జనెల్.

"నడుముకి బెల్టు."

విప్పి చూసింది. మూడు డిస్కులు. నారింజ, పసుపు, నీలం. "వీటిలో ఏది కడతావు నడుముకి?"

నా వాదన రాసిపెట్టుకుంటున్నాను: పాతవి గట్టివి, గొలుసులకి తగిలి ఎగిరొచ్చేస్తాయి. ఇవి మెత్తనివి. మెత్తదనం కొన్నాను, డిస్కులు కాదు.

ఆగస్టు 25

గాలి. డిస్క్ వదిలితే వెళ్లినట్టే వెళ్లి నా నెత్తి మీదుగా వెనక్కి వచ్చింది. తిట్టాను. మా నాయనమ్మ చర్చికి వెళ్లని రోజుల్లో వాడే పల్లె జర్మన్‌లో తిట్టాను. దేవుడికి ఆ భాష రాదనే నా ఆశ.

ఆగస్టు 30

ముందు కాఫీ. తరవాత ఇరవై విసురులు. ఇరవైయే అయినా శ్రద్ధగా వేస్తే వందతో సమానం. శ్రద్ధగా వేశానని చెప్పలేను.

సెప్టెంబరు 3

ఈరోజు సోఫాలో కూర్చుని వీడియోలు చూశాను. చూసి నేర్చుకోవడం కూడా సాధనే. ఈలోగా పీచ్ పళ్ల కేకు సగం అయిపోయింది. ఒకాయన మోకాలి మీద కూర్చుని వెయ్యమంటాడు, ఇంకొకాయన ఒంటికాలి మీద. వినగా వినగా నాకు ఎన్ని కాళ్లున్నాయో అనుమానం వచ్చింది.

కిటికీలోంచి చూస్తే జనెల్ పెరట్లో ఉంది. ఒక చేతిలో కాఫీ కప్పు. రెండో చేత్తో నా నారింజ డిస్కుని విసిరి, తెచ్చుకుని, మళ్లీ విసురుతోంది. పదిలో ఒక్కటి తప్పింది. అదీ తుమ్ము వచ్చి.

బయటికి పరిగెత్తాను. "నువ్వు కాళ్లెక్కడ పెడతావే?"

కిందికి చూసుకుంది. "ఏమో. నేల మీద."

సెప్టెంబరు 9

భయంగా ఉంది. ఉన్నమాట రాసేస్తాను. గెలిస్తే ఇచ్చే కప్పు ఎవడిక్కావాలి? శనివారం పొద్దున్న జనెల్ ఆ వెలిసిపోయిన ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, నా డిస్క్ కోసం గడ్డిలో వెతుకుతూ నన్ను నానా మాటలూ అంటుందే, అది కావాలి నాకు. వారమంతా లారీలో ఒక్కణ్నీ తిరిగేది ఆ ఒక్క పూట కోసమే. ఆ మాటలు కర్ట్‌ని అంటుందంటే నేను తట్టుకోలేను.

సాధన: సున్నా. భయపడడంలోనే తెల్లారింది.

సెప్టెంబరు 13, శనివారం

పోటీ. జంటలో ఒకరి తరవాత ఒకరు విసరాలి కాబట్టి తప్పించుకోడానికి లేదు. మాతో కలిపి ఆడించిన రెండో జంట ఎవరు? కర్ట్, వాళ్లక్క ట్రూడీ. ఇంకెవరూ దొరకనట్టు!

చివరి బుట్ట. వాళ్లది అయిపోయింది. నాది పడితే సమానం, తప్పితే ఓటమి. ఇరవై అడుగులు. ఏ కాలు ముందు? ఏ కాలు వెనక? నేర్చుకున్న తీరులన్నీ ఒక్కసారి కాళ్లలోకి దిగాయి. ఒక కాలు ముందుకి పోయింది, రెండోది గాలిలోకి లేచింది, డిస్క్ వదిలేశాను.

గొలుసులు గలగలమన్నాయి. పడింది!

నేనూ పడ్డాను. బోర్లా, విసిరే చోట నేలమీద పెట్టిన గుర్తుబిళ్ల దాటి, గడ్డిలో మొహం పెట్టి.

బుట్ట దగ్గరగా ఉన్నప్పుడు విసిరాక గుర్తుబిళ్ల వెనకే స్థిరంగా నిలబడాలి. ముందుకి పడితే తప్పు, ఒక విసురు జరిమానా. కానీ ఒకరు తప్పని చెప్పాలి, ఇంకొకరు అవునని ఒప్పుకోవాలి. విసిరినవాడి మాట చెల్లదు.

"భలే వేశావయ్యా డ్వేన్!" అని కర్ట్ చప్పట్లు కొట్టాడు.

"ముందుకి పడ్డాడు. తప్పు," అంది జనెల్. నా పెళ్లామే!

కర్ట్ నవ్వాడు. "నేను చూడలేదు జనెల్. ఎండ కళ్లలో పడింది."

ఎండ వాడి వీపు మీద ఉంది. పన్ను పీకించుకున్న పిల్లాడికి బొమ్మ ఇస్తున్నట్టు నాకేసి కన్ను కొట్టాడు. ఒళ్లు మండిపోయింది.

"చెప్పండర్రా ఎవరైనా! పడ్డాను, కనపడట్లేదా?" అని గడ్డిలోంచే అరిచాను.

ట్రూడీ నిట్టూర్చింది. "నేను చూశాను. మొత్తం చూశాను. పడడానికి చాలాసేపే పట్టింది."

ఒక్క విసురు తేడాతో ఓడిపోయాం.

వ్యానులో ఇంటికి బయల్దేరాం. ధాన్యం గోదాముల దగ్గర నేనే అన్నాను: "కర్ట్‌కి ఫోన్ చేసుకో. నేనేం అనుకోను."

అబద్ధం. చాలా అనుకుంటాను.

"వాడితోనా?" అంది. "మనిషి కళ్లముందు బోర్లా పడితే చూడలేదన్నాడు. రేపు నేను పడినా అంతే అంటాడు. వాడి పక్కన నేను ఆడను."

"మరి నేనో? పడేది నేనేగా!"

"నువ్వు పడతావు. కానీ నేను పడితే ఊరంతా వినపడేలా చెబుతావు." పెదవుల మీద నవ్వు అణుచుకుంది. "పొద్దున్నే లే."

సెప్టెంబరు 14, ఆదివారం

కొత్త నియమాలు, అంటే పాతవే. కాఫీ కంటే ముందు వంద. ఒకే తీరు. ఏ తీరో ఇంకా తేలలేదు.

జనెల్ నా వెనక నిలబడి, రెండు చేతులతో నడుము పట్టుకుని తిన్నగా తిప్పింది. "ఇక్కడ. ఇంక కదిలావంటే చంపుతా."

విసిరాను. తప్పింది. అయినా రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

"చూశావా?"

"చూశాను," అంది.

ఇంకా తొంభై తొమ్మిది.