రాసినవారు: ప్రభాకర్

మెదక్,
జూన్ 9

ప్రియమైన ఫేబక్కకు,

ఫోన్‌లో నా గొంతు వింటే ఏమైందని అడుగుతావు, అడిగితే ఏడ్చేస్తాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ప్రభాకర్ సార్ టైపింగ్ దుకాణంలో ఆరేళ్లు పనిచేశాను కదా. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లలో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. దాన్ని చదవగలిగే తెలుగుగా మార్చే ప్రోగ్రామ్ ఒకటి ఇంట్లో, నా సొంత లాప్‌టాప్ మీద రెండేళ్లు కూర్చుని రాశాను. దుకాణంలో పనికొస్తుందని నేనే ఆయనకు ఒక కాపీ ఇచ్చాను.

నిన్న అలాంటిది ఇంకెవరైనా చేశారేమోనని వెతికాను. ఎవరు రాసిన ప్రోగ్రామ్‌లైనా అందరి కోసం ఉచితంగా పెట్టే భాండారం ఒకటుంది. నల్లటి తెర మీద సెర్చ్ అని కొట్టి పక్కన మనకు కావలసిన మాట రాస్తే పేర్లు, వాటి వివరణలు వరసగా దిగుతాయి. నాలుగు వచ్చాయి. మూడోది నాదే. వివరణ కూడా నా వాక్యమే, అందులో నేను చేసిన అక్షర దోషంతో సహా. కింద మాత్రం ‘రాసినవారు: ప్రభాకర్’ అని ఉంది.

పొద్దున్నే వెళ్లి అడిగాను. ఆయన తల ఎత్తలేదు. “నా దుకాణంల పని నేర్చుకునే రాసినవ్ గదా. నీదెట్లయితది?” అన్నాడు. పక్కన టైపు చేస్తున్న అమ్మాయి నవ్వింది.

ఈ నెల ఇరవై ఎనిమిదిన పాత రికార్డులు మార్చే కాంట్రాక్టు కోసం అధికారుల ముందు దాన్ని నడిపి చూపిస్తాడట. ఆ భాండారంలో ఆయన పాస్‌వర్డ్ నాకు తెలుసు, మార్చే అలవాటు ఆయనకు లేదు. ఆలోపే కొత్త వెర్షన్ ఎక్కిస్తాను. ఏ పేజీ మార్చినా ప్రతి వరుసలో ‘దొంగ’ అని రావాలి. తప్పని తెలుసు. అయినా ఆగను.

నీ చెల్లెలు,
ఎలిశిబా

మెదక్,
జూన్ 30

ప్రియమైన అక్కకు,

ఆయన్ని క్షమించమని నువ్వు రాసిన ఉత్తరం అందింది. జరిగింది చెబుతాను, ఆ తర్వాత తిట్టు.

‘దొంగ’ వెర్షన్ తయారుచేశాను. ఎక్కించే ముందు నా ప్రోగ్రామ్ మీద ఇంకే ప్రోగ్రామ్‌లు ఆధారపడ్డాయో చూద్దామని మళ్లీ వెతికాను. ఒక్కటే వచ్చింది. పాత ఫాంట్ల నోట్సులను నా ప్రోగ్రామ్‌తో మార్చుకుని పైకి చదివి వినిపించేది. రాసింది ముజాహిద్, మన మెదక్ అబ్బాయే. నంబరు కూడా ఉంటే ఫోన్ చేసి ఆటోలో వెళ్లాను.

వాళ్ల అక్క తమన్నాకు చూపు లేదు. డిగ్రీ పరీక్షకు చదువుతోంది. కంప్యూటర్ పాఠాన్ని పైకి చదువుతుంటే తల ఊపుతూ వింటోంది. నేను అనుకున్నది చేసి ఉంటే ఆ పిల్ల చెవిలో వరుసవరుసకూ ‘దొంగ’ అని మోగేది. సిగ్గుతో అక్కడే అంతా చెప్పేశాను. తమన్నా, “మీరు రాసిన తారీఖులు మీ దగ్గరున్నయా? ఉంటే గా భాండారం నడిపేటోళ్లకు పంపుండ్రి” అంది.

ఇంటికొచ్చి ఆ వెర్షన్ చెరిపేశాను. రెండేళ్ల చిత్తుప్రతులు, మెయిళ్లు తారీఖులతో పంపాను. పన్నెండో రోజున ఆయన పేరు తీసి నా పేరు పెట్టామని జవాబొచ్చింది. ప్రభాకర్‌కు నేను చెప్పలేదు. ఆయన మెయిల్ తెరిచి చూసే మనిషి కాదు.

ఇరవై ఎనిమిదిన హాల్లో మూడో వరుసలో కూర్చున్నాను. మొదటి నుంచి చూపించమన్నారు అధికారి. ప్రభాకర్ సెర్చ్ కొట్టి, వివరాలు తెరిచాడు. గోడంత తెర మీద నా పేరు వచ్చింది. “ఎలిశిబా ఎవరు?” అని అడిగారు. ప్రభాకర్ నీళ్లు తాగాడు. నేను లేచి నిలబడ్డాను. నన్నే వచ్చి నడిపించమన్నారు. నడిపించాను. పేజీ ఒక్క ఒత్తు కూడా తప్పకుండా వచ్చింది.

బయట ఆయన ఎదురొచ్చి, “గింతమందిల ఇజ్జత్ తీస్తవా?” అన్నాడు. తీస్తానన్నాను.

ఆయన చెమట తుడుచుకుంటుంటే నాకు జాలి కలగలేదక్కా. ఇంకాసేపు తుడుచుకోవాలనిపించింది. నిన్న ఆదివారం చర్చిలో, మా ఋణస్థులను మేము క్షమించినట్లే మా ఋణములు క్షమించుమనే ప్రార్థన మాట దగ్గర అందరూ పలికారు. నేను పలకలేకపోయాను.

నీ చెల్లెలు,
ఎలిశిబా