మెట్ల మీది ముసలమ్మ

లక్సెట్టిపేట,
ఫిబ్రవరి 1962

అహల్యాబాయి గారికి నమస్కారం.

మూడేండ్లు ఒకరి కథలు ఒకరం చదివి, ఉత్తరాలు రాసుకుని, మొదటిసారి బాసరలో కలుద్దామనుకుంటే నేను రాలేదని నొచ్చుకున్నారు. ఇక ఉత్తరం రాయనన్నారు. పైగా గోదావరి మెట్ల మీద ఎవరో నోటిదురుసు ముసలమ్మ తడిచీర గురించి మీతో కొట్లాడిందనీ రాశారు.

బాసర కొట్లాట సంగతి ముందే నా నోట విన్న మా మనవరాలు, మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "గా ముసలిది నువ్వే గదా బాపమ్మా" అన్నది.

అవును, నేనే. "ఏందమ్మా, నీ తడిచీర నా నెత్తిమీదనే దులుపాల్నా?" అన్నది నేను. "జర జరుగు, గోదారి నీ ఒక్కదానిదా?" అన్నది మీరు. తర్వాత మీ అటుకులు నేను, నా సర్వపిండి మీరు తింటూ, మాట తప్పిన స్నేహితురాళ్లను పొద్దు వాలేదాకా తిట్టుకున్నాం. "గీ కథలు రాసేటోళ్లను నమ్మద్దు" అని మీరంటే, బుద్ధిమంతురాలిలా తలూపాను.

మీ ఉత్తరాల్లోని భాష చూసి, కళ్లద్దాలూ మెల్లని గొంతూ ఉన్న పండితురాలి కోసం వెతికాను. నా రాతలు నమ్మి మీరూ అలాంటిదాన్నే వెతికి ఉంటారు. సాహితీబంధమని పేజీలు నింపిన ఇద్దరం, పక్కన కూర్చున్న మనిషి పేరు మాత్రం అడగలేదు.

కోపం తగ్గితే వచ్చే పున్నమికి మళ్లీ బాసరకు రండి. ఉత్తరాలు రాసే ఆ పండితురాలిని ఇంట్లోనే ఉంచి, నాతో కొట్లాడిన ఆమెను పంపండి. అటుకులు ఇంకొంచెం ఎక్కువ తెమ్మనండి.

ఇట్లు,
జరగకుండా కూర్చున్న ముసలమ్మ